వారికేం కావాలో అడిగారా? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

క్రిస్మస్ దగ్గరపడుతోంది. చెన్నై తెలుగు సంఘాల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో దానధర్మాల సంగతే ఎక్కువగా ఉంది. పేర్లు తీసేసి, పేట పేర్లు మాత్రం ఉంచాం.

వందనాలండీ. పోయిన క్రిస్మస్‌కి మా సంఘంలో 40 మంది విధవరాండ్రను స్టేజీ మీదికి పిలిచి చీరలిచ్చాం. ఒక పెద్దావిడ పేరు పిలిచినా లేవలేదు. ఇంటికి పంపితే "నాకొద్దమ్మా" అని తిప్పి పంపేసింది. సంఘ పెద్దలు నొచ్చుకున్నారు. ఈసారి జాబితాలోంచి ఆవిడ పేరు తీసేయమంటున్నారు. ఏం చేయాలి? – స్త్రీల సమాజం సభ్యురాలు, పెరంబూరు

ఆవిడ పేరు ఉంచండి, స్టేజీ తీసేయండి. "నీ కుడిచెయ్యి చేయునది నీ యెడమచేతికి తెలియకయుండవలెను" అని మత్తయి 6లో ప్రభువు అన్నమాట ఇచ్చేవారి గొప్పలకు కళ్ళెం వేయడానికే అనుకుంటాం. పుచ్చుకునేవారి పరువు కూడా అందులోనే ఉంది. నాలుగిళ్ళలో అంట్లు తోముకుని ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా బతికిన మనిషిని మైకులో పేరు పెట్టి పిలిచి, బ్యానరు ముందు నిలబెట్టి ఫోటో తీసి, ఆ ఫోటో వాట్సాప్ గ్రూపులో పెడితే, రేపు ఆమె మనవరాలిని చూసుకోవడానికి వచ్చే పెళ్ళివారి ఫోన్లో కూడా అది ఉంటుంది.

చీర సంగతి చూడండి. చీర ఒక్కటే చేతిలో పెడితే కట్టుకోవడానికి కుదరదు. జాకెట్టు గుడ్డ, కుట్టుకూలి, లంగా, ఫాల్ అన్నీ ఆమె చేతి ఖర్చే. పైగా టోకున కొంటారు కాబట్టి నలభైకి నలభై ఒకటే రంగు, ఒకటే అంచు. అది కట్టుకుని మందిరానికి వస్తే దానం పుచ్చుకున్నవాళ్ళెవరో వరసలో కనబడిపోతారు.

డిసెంబరు దాకా ఆగకుండా అక్టోబరులోనే ఇద్దరు స్త్రీలు ఇంటింటికీ వెళ్ళి కూర్చుని అడగాలి. మగవాళ్ళు, పాస్టరు గారు వెళ్తే నిజం చెప్పరు, "అంతా దేవుని దయ" అని ఊరుకుంటారు. అడిగితే బయటికొచ్చేవి వేరు: దగ్గరి చూపు అద్దాలు, బీపీ మాత్రలు, కట్టని కరెంటు బిల్లు, విరిగిన మంచం.

అన్నిటికంటే ముందు పింఛను ఉందో లేదో కనుక్కోండి. ఆదుకునేవారు లేని విధవరాండ్రకు తమిళనాడు ప్రభుత్వం ఇచ్చే పింఛను 2023లో నెలకు 1,200 రూపాయలయింది. అంటే ఏడాదికి 14,400. మీరిచ్చే చీర దాని పక్కన ఏపాటి? దరఖాస్తు ఇ-సేవై కేంద్రంలో పెట్టాలి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం, భర్త మరణ ధ్రువపత్రం కావాలి. మనవాళ్ళ పని ఆగేది ఈ చివరి కాగితం దగ్గరే. భర్త నెల్లూరు జిల్లాలో ఏ పల్లెలోనో పోయి ఉంటే ఆ పత్రం అక్కడినుంచే తేవాలి. ముసలావిడకు రానుపోను చార్జీ, తోడుగా ఒక మనిషి దొరక్క ఏళ్ళతరబడి అలాగే వదిలేస్తారు. ఆ తోడు వెళ్ళడమే ఈ ఏటి మీ క్రిస్మస్ కానుక అనుకోండి.

నా జీతం చేతికి 37,000 వస్తుంది. పర్సనల్ లోను, క్రెడిట్ కార్డు బాకీ ఉన్నాయి. దశమభాగం కోతలకు ముందు జీతం మీద లెక్కపెట్టాలా, తర్వాతా? అంతా మందిరంలోనే వేయాలా, బీదలకు నేనే ఇవ్వచ్చా? – అంబత్తూరు

ధర్మశాస్త్రంలో దశమభాగం పంట మీద, మందల మీద. పీఎఫ్ కోత ముందా వెనకా అన్న ప్రశ్న అక్కడ లేదు. ఉన్నదేమిటంటే, ద్వితీయోపదేశకాండము 14:28-29 ప్రకారం మూడో ఏటి దశమభాగం ఊళ్ళోనే ఉంచాలి. లేవీయుడూ, పరదేశీ, తండ్రిలేనివాడూ, విధవరాలూ వచ్చి తిని తృప్తి పొందాలి. కాబట్టి బీదలకు వెళ్ళేది దేవునికి వెళ్ళనట్టు కాదు. ఆ మూడో ఏటి పద్ధతినే నెలకు తెచ్చుకుంటే మీ 3,700లో 1,200 చిల్లర నేరుగా బీదలకు పోతుంది. మా అభిప్రాయంలో ఇది మంచి లెక్క. మీ సంఘం ఇంకోలా బోధిస్తే పాస్టరు గారితో కూర్చుని మాట్లాడండి, చాటుగా తగ్గించి వేయకండి.

కార్డు బాకీ మాత్రం వేరే వ్యవహారం. దాని మీద నెలకు 3 శాతానికి పైగా వడ్డీ పడుతుంటుంది. కార్డు గీకి కానుక ఇస్తే బ్యాంకు సొమ్ము దానం చేసినట్టవుతుంది. బాకీ తీరేదాకా కానుకకు జీతంలో 3 శాతం, అంటే 1,110 రూపాయలు పెట్టుకోండి. కార్డు తీరిన నెలనుంచి దాన్ని పెంచండి. "దేవుడు ఉత్సాహముగా ఇచ్చువానిని ప్రేమించును" అన్న 2 కొరింథీయులకు 9:7లోనే ఎవరి హృదయంలో వారు నిశ్చయించుకోవాలన్న మాట కూడా ఉంది. జీతం పడ్డ రోజే ఆ మొత్తాన్ని వేరే ఖాతాలోకి మార్చండి. నెలాఖరున మిగిలితే ఇద్దామనుకుంటే మిగలదు. పౌలు కూడా వారం మొదటి రోజునే తీసి పెట్టమన్నాడు, 1 కొరింథీయులకు 16:2లో.

ఊళ్ళో అమ్మానాన్నలకు పంపే డబ్బు ఆపి దశమభాగం పూర్తిచేయాలని ఎవరైనా అంటే మార్కు 7లో కొర్బాను గురించి, అంటే దేవునికి అర్పించేశామని చెప్పి తల్లిదండ్రులకు ఇవ్వడం మానేయడం గురించి, ప్రభువు అన్నది చదివి వినిపించండి.

మా అత్తగారి ఊరి సంఘంలో పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసి కుండలో వేసేవాళ్ళు. ఇక్కడా మొదలుపెట్టాం, 30 ఇళ్ళు చేరాయి. కానీ పుచ్చుకున్నవాళ్ళు "అన్నం సరిగా ఉడకడం లేదు, పురుగు కూడా" అంటున్నారు. – రాయపురం

మంచి పద్ధతమ్మా, మానకండి. మిజోరం సంఘాల్లో ఇది 1910 నుంచి నడుస్తోంది. అక్కడ ఈ పిడికెడు బియ్యం అమ్మగా వచ్చిన సొమ్ము సంఘాల పనికి వెళ్తుంది.

ముందు లెక్క. పెద్దవాళ్ళ పిడికెడు సుమారు 40 గ్రాములు. రెండు పూటలకు 80. నెలకు 2 కిలోల 400 గ్రాములు. 30 ఇళ్ళకు 72 కిలోలు. అంతకు బాగా తక్కువ వస్తుంటే పూట పూటా తీయడం మానేసి ఆదివారం పొద్దున డబ్బాలోంచి ఒక గ్లాసు పోసి తెస్తున్నారన్నమాట.

ఉడకకపోవడానికి కారణం కలగలుపు. ఒకరింట్లో సోనామసూరి పచ్చిబియ్యం, పక్కింట్లో పొన్ని ఉప్పుడుబియ్యం, మరొకరింట్లో రేషన్ బియ్యం. మూడూ ఒకే డ్రమ్ములో పోస్తే పచ్చిబియ్యం మెత్తబడి ముద్దయ్యేసరికి ఉప్పుడుబియ్యం ఇంకా పలుకు మీదే ఉంటుంది. మూడు డ్రమ్ములు పెట్టి చీటీ అంటించండి, తెచ్చినవాళ్ళ చేతే పోయించండి. ఇప్పటికే కలిసిపోయినదాన్ని పారేయనక్కర్లేదు. ఇడ్లీ, దోశ పిండికి పచ్చిబియ్యం, ఉప్పుడుబియ్యం కలిపే నానబోస్తారు కదా, మీ పేటలో ఇడ్లీలు వేసి అమ్ముకునే ఆడవాళ్ళకు ఇవ్వండి.

పురుగు తేమ వల్ల వస్తుంది. చెన్నై ఉప్పుగాలికి గోనెసంచి పనికిరాదు. బిగుతు మూత డ్రమ్ము కావాలి, దాన్ని నేల మీద కాకుండా చెక్క మీద పెట్టాలి. ఎండిన వేపాకు వేయండి. పురుగు కనబడితే నీడలో ఆరబోసి జల్లించండి. మిట్టమధ్యాహ్నం ఎండలో పోస్తే గింజ చిట్లి నూకవుతుంది. అన్నిటికీ మందు నెల నెలా డ్రమ్ము ఖాళీ చేయడమే. కొత్త బియ్యం పాత బియ్యం మీద పోయకూడదు.

ఇంకో సంగతి. తమిళనాడులో బియ్యం రేషన్ కార్డున్న కుటుంబానికి అవి చౌకదుకాణంలో ఉచితంగానే వస్తాయి. వాళ్ళింట్లో కొరత కందిపప్పుకు, నూనెకు, గుడ్లకు, సబ్బులకు. బియ్యం నిజంగా అవసరమైనది శ్రీకాకుళం, విజయనగరం నుంచి కట్టడం పనులకు వచ్చి ఇక్కడ కార్డు లేనివారికి. వాళ్ళక్కూడా ఊళ్ళో ఆహారభద్రత కార్డు ఉంటే 'ఒకే దేశం – ఒకే రేషన్' కింద ఇక్కడి దుకాణంలోనే వేలిముద్ర వేసి మనిషికి 5 కిలోలు తీసుకోవచ్చు. కార్డు నంబరు ఫోన్లో ఉంచుకోవాలి, పేరు ఆధార్‌తో కలిసి ఉండాలి. ఆ ఒక్క పని చేసి పెడితే ఆ ఇంటికి నెల నెలా బియ్యం మీరు మోయక్కర్లేదు.

యవ్వనస్థుల కూడిక తరఫున ప్రతి ఆదివారం ఆరాధన తర్వాత 50 పొట్లాలు పంచుతున్నాం. పోయిన నెల సాంబారన్నం పులిసిపోయి పరువు పోయింది. ఏం వండాలి, ఎంత వండాలి? – ఆవడి

ఎప్పుడు వండారు, ఎప్పుడు చేతికిచ్చారు? తెల్లవారుజామున 5కి వండి, మూతబెట్టి, ఆరాధన ముగిసి 1 గంటకు పంచితే చెన్నై వేడికి ఏదైనా పులుస్తుంది. పులియడం వాసనకు తెలుస్తుంది, అదొక మేలు. తెలియనిది ఇంకొకటుంది. బియ్యంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి విత్తు ఉడికించినా చావదు. అన్నం గోరువెచ్చగా గంటలకొద్దీ ఉంటే అది పెరిగి విషం చిమ్ముతుంది. మళ్ళీ వేడిచేసినా ఆ విషం పోదు. తిన్నవాళ్ళకు వాంతులే.

కాబట్టి వంట ముగిసినప్పటి నుంచి పొట్లం చేతికి చేరేవరకు 4 గంటలు దాటకూడదు. ఆరాధనకు ముందే వండి పంచి రండి, లేదా ఆరాధన సాగుతుండగా వండించండి. పొట్లం మీద వండిన టైము పెన్నుతో రాయండి. రాయాల్సి వచ్చినప్పుడు వంటవాళ్ళూ జాగ్రత్తపడతారు.

సాంబారన్నం, పెరుగన్నం, కొబ్బరి పచ్చడి, బంగాళాదుంప కూర మానేయండి. పులిహోర నిలుస్తుంది, చింతపండు పులుపే దానికి కాపు. 50 మందికి 6 కిలోల బియ్యం, 600 గ్రాముల చింతపండు, లీటరు నువ్వుల నూనె, అరకిలో వేరుశనగలు, ఉప్పు 200 గ్రాముల దగ్గర ఆపి రుచి చూసి పెంచండి. 6 కిలోలు ఉడికి సుమారు 15 కిలోల అన్నమవుతుంది, పొట్లానికి 300 గ్రాములు. అన్నం వార్చి వెడల్పు తాంబాళాల్లో పరిచి ఆవిరి పోయాక పులుసు కలపాలి. ఇక్కడ తొందరపడి పొగలు కక్కుతుండగానే పొట్లం కట్టేస్తే ఆవిరి లోపలే నీళ్ళై కారి అన్నం జిగురుపడుతుంది. మొదటి పది పొట్లాలు కట్టినవాడు ఆఖరి పది పొట్లాలు కట్టేలోపు వాటిని విప్పి చూస్తే ఆకు లోపలి వైపు చెమట బిందువులు కనిపిస్తాయి. అదే గుర్తు.

కట్టడానికి అరటాకు, పైన శుభ్రమైన బ్రౌన్ పేపరు వాడండి. పాత న్యూస్‌పేపరు సిరా తిండికి తగలకూడదు. ప్లాస్టిక్ షీట్లు, క్యారీ బ్యాగులు తమిళనాడులో 2019 జనవరి 1 నుంచి నిషేధం. తోడుగా ఒక అరటిపండు పెట్టండి. నీళ్ళ సీసా మరిచిపోతారు చాలామంది. ఎండాకాలంలో అన్నం కంటే ముందు అడిగేది అదే.

ఆదివారం మధ్యాహ్నం సెంట్రల్ స్టేషన్ చుట్టుపక్కల మూడు నాలుగు సంఘాల వాళ్ళు, ఇతరులు అందరూ పంచుతారు. పొట్లాలు మిగిలి రోడ్డు మీద పడేస్తారు. అదే మంగళవారం ఎవరూ రారు. మీ కూడిక వారం మధ్యలోకి మార్చుకోగలిగితే మార్చుకోండి.

ఆ పొట్లాలతో పాటు సువార్త కరపత్రం పెట్టడం తప్పా? మా పెద్దల్లో రెండభిప్రాయాలున్నాయి. – ఒక పాస్టరు గారు, ఎన్నూరు

అయ్యగారూ, మీ ఎన్నూరు పక్కనుంచే పోయే బకింగ్‌హామ్ కాలువలో దీనికి జవాబుంది. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్ళకు కూలి ఇప్పించారు. ఊరికే గంజి పోయలేదు, పని ఇచ్చారు. ఆ రోజుల్లో బాప్తిస్మం కోసం జనం వచ్చినా, తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశారు. సహాయం పనులు ముగిశాకే ఇచ్చారు. 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మంది తీసుకున్నారు.

మా సలహా: పొట్లంలో అన్నం మాత్రమే ఉండనివ్వండి. ఎవరైనా "మీరెవరు బాబూ" అని అడిగితే చెప్పండి. ప్రార్థన చేస్తేనే పొట్లం అని వరసలో నిలబెట్టడం మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు.

ఒకాయన పిల్లల ఫోటోల ఆల్బమ్ పట్టుకుని ప్రతి నెలా మా వీధికి వస్తాడు. అనాథాశ్రమం నడుపుతున్నానని, విశ్వాసినని చెబుతాడు. ఇవ్వకపోతే మనసు ఒప్పడం లేదు. – తాంబరం

ఆ ఆల్బమే మొదటి అనుమానం. సంరక్షణ అవసరమైన పిల్లల ముఖం, పేరు బయటపెట్టడాన్ని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షను నిషేధిస్తోంది. చట్టం తెలిసి నడిపేవాళ్ళు పిల్లల ఫోటోలు వీధుల్లో తిప్పరు.

రెండోది, అదే చట్టం 41వ సెక్షను కింద రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. ట్రస్టు రిజిస్ట్రేషన్ చూపిస్తే అది సరిపోదు, రెండూ వేరు. 41 కింద లేకుండా పిల్లల్ని ఉంచుకోవడం శిక్షార్హం. మూడోది, పిల్లలు బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు మీద వచ్చారా అని అడగండి. "ఊళ్ళనుంచి మేమే తెచ్చుకున్నాం" అంటే 1098కి ఫోన్ చేయండి. మీ పేరు చెప్పనక్కర్లేదు.

అనాథలంటూ ఉంచిన పిల్లల్లో తల్లో తండ్రో బతికి ఉన్నవాళ్ళు ఉంటారు. పెంచలేక వదిలినవాళ్ళు. అలాంటి పిల్లను ఇంట్లోనే ఉంచి చదివించడానికి కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. నగరాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 96,000 దాటకూడదు. జిల్లా బాలల రక్షణ విభాగంలో అడగాలి. మీ వీధిలో పనిచేసే ఒంటరి తల్లికి ఈ కబురు చెప్పారా?

మంచి హోమ్ అని తేలాక కూడా పుట్టినరోజు కేకు పట్టుకెళ్ళి పిల్లల మధ్య ఫోటో దిగడం వద్దు. ఏం కావాలో వార్డెన్‌ను అడగండి. నోటు పుస్తకాలు అందరూ తెస్తారు; లోదుస్తులు, శానిటరీ ప్యాడ్లు, పేను మందు ఎవరూ తేరు.

సంఘంలో బీదల నిధి పెట్టాం. మా పాస్టరు గారి ఫోన్ పే నంబరుకే అందరూ వేస్తున్నారు. ఆయన నిజాయితీపరుడే. అయినా లెక్క ఎలా ఉండాలి? – డీకను, విల్లివాక్కం

ఆయన నిజాయితీపరుడు కాబట్టే ఆయన్ని ఆ స్థితిలో పెట్టకండి. యెరూషలేము బీదల కోసం పోగైన సొమ్ము విషయంలో ఎవరూ తమ మీద తప్పు మోపకుండా జాగ్రత్తపడుతున్నామని 2 కొరింథీయులకు 8:20-21లో పౌలే రాశాడు. తానొక్కడే మోయకుండా తీతునూ, సంఘాలు ఏర్పరచిన సహోదరులనూ తోడు తీసుకున్నాడు.

సంఘం పేరిట ఖాతా, ఇద్దరి సంతకం, ఒకే కుటుంబం వాళ్ళు కాకూడదు. 2,000 లోపు అత్యవసరానికి కోశాధికారి ఒక్కరే ఇచ్చి తర్వాత చెప్పవచ్చు, దానిపైన ముగ్గురు కూర్చోవాలి. రిజిస్టరులో కుటుంబానికి ఒక అంకె ఇవ్వండి, పేర్ల జాబితా ఇద్దరి దగ్గరే ఉండాలి. సంఘానికి చదివేటప్పుడు "వైద్యం – 3 కుటుంబాలు – ఇంత, స్కూలు ఫీజు – 2 కుటుంబాలు – ఇంత" అనండి, చాలు. చేతికి నగదు కంటే ఫీజు అయితే స్కూలుకు, మందులైతే షాపుకు నేరుగా కట్టండి. వీధి చివరి అన్నాచ్చి కిరాణా కొట్టుకు చీటీ రాసిచ్చే పద్ధతి కూడా ఉంది, కానీ చీటీకి సరుకు బదులు కొంత తగ్గించి నగదు ఇచ్చే కొట్లుంటాయి. అందుకే చీటీ నకలు పుస్తకం, తేదీ, సరుకుల పేర్లు ఉండాలి. నెలకోసారి రెండు చీటీలు పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళి మాటల్లో కనుక్కోవాలి.

అపొస్తలుల కార్యములు 6 కూడా తీసి చూడండి. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ పంపకంలో అన్యాయం జరిగిందన్న సణుగుడు. దానికి ఏర్పరచిన ఏడుగురివీ గ్రీకు పేర్లే. మీ నిధి తెలుగువాళ్ళకేనా, వెనక గుడిసెల్లోని ఒడియా కూలీలకు కూడానా? ఆ కమిటీలో వాళ్ళ భాష తెలిసినవాళ్ళున్నారా?

సంఘంలో తెలిసినవాళ్ళు అప్పు అడుగుతారు. ఇచ్చి పోగొట్టుకున్నాను. – కొరుక్కుపేట

పోయినా ఫరవాలేదనుకున్నంతే ఇవ్వండి, దాన్ని మనసులో దానంగా రాసుకోండి. అంతకు మించి అడిగితే "ఇంతే ఉంది" అనండి. తాకట్టు వస్తువు కోసం అప్పిచ్చినవాడు ఇంట్లోకి చొరబడకుండా బయటే నిలబడాలని ద్వితీయోపదేశకాండము 24లో ఉంది. బాకీ తీర్చమని నలుగురిలో అడగడం కూడా చొరబడినట్టే.

80జి (విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు) రసీదు ఉందంటేనే మావారు ఇస్తానంటున్నారు. అమెరికాలో ఉన్న మా అబ్బాయి కూడా సంఘం బీదల నిధికి పంపుతానంటున్నాడు. – అన్నానగర్

కొత్త పన్ను విధానం ఎంచుకుని ఉంటే 80జి మినహాయింపే లేదు, కాబట్టి ఆ మాట ముందు తేల్చుకోండి. పాత విధానంలో మామూలుగా ఇచ్చినదాంట్లో సగానికి వస్తుంది, దానికీ ఆదాయంలో 10 శాతం హద్దుంది. నగదు 2,000 దాటితే రాదు. బియ్యం, బట్టలు ఇస్తే రాదు. ఒక మతంవారి మేలు కోసమే పెట్టిన సంస్థకు రాదు, అందుకే మందిరం కానుకలకు సాధారణంగా ఉండదు.

అబ్బాయి పాస్‌పోర్టు ఏ దేశానిది? భారత పౌరుడైతే తన సంపాదన బ్యాంకు ద్వారా పంపవచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద ఉంటే అది విదేశీ విరాళం కింద లెక్క. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేని సంఘం ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. మీ ఖాతాకు పంపించుకుని మీరు వేస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. వినకండి, అది దొడ్డిదారి.

నెల్లూరు, తిరుపతి, ఒంగోలు వైపు నుంచి రోగులు చెన్నై పెద్దాసుపత్రులకు వస్తుంటారు. వాళ్ళకు ఏదైనా చేయాలనుంది. డబ్బు ఎక్కువ లేదు, తీరిక ఉంది. – రిటైరైన టీచరు, వేపేరి

టీచరు గారూ, వాళ్ళకు ముందు కావాల్సింది మీ దగ్గరున్నదే. సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో బోర్డులు తమిళం, ఇంగ్లీషు. రైలు దిగి నేరుగా వచ్చిన మనిషికి ఓపీ చీటీ ఎక్కడ రాయించుకోవాలో, స్కాన్‌కి ఇచ్చిన తేదీ ఏమిటో, "నాళై వాంగ" అంటే రేపు రమ్మన్నారనో తెలియదు. నాలుగు గంటలు ఒకే వరసలో నిలబడి ఆఖరికి అది వేరే విభాగం కౌంటరని తెలుసుకుంటారు. తమిళం వచ్చిన ఇద్దరు ఉదయం 7 నుంచి 11 దాకా ఉంటే చాలు, ఓపీ రద్దీ అప్పుడే. ముందు ఆసుపత్రి అధికారుల్ని కలిసి అనుమతి తీసుకోండి. లేకపోతే దళారులనుకుంటారు.

హద్దులు తెలియాలి. డాక్టరు చెప్పింది చెప్పినట్టు అనువదించండి, మీ వైద్యం కలపకండి. ఆపరేషన్ అంగీకార పత్రం మీద బంధువు బదులు మీరు సంతకం పెట్టకండి. ఎవరి తరఫునా డబ్బు చేతిలోకి తీసుకోకండి.

వార్డులో రోగికి తోడు ఒక్కరినే ఉండనిస్తారు. మిగతావాళ్ళు వరండాల్లో, చెట్ల కింద. వాళ్ళకు అన్నం పొట్లాలు తెచ్చేవాళ్ళున్నారు. ప్రభుత్వ చౌక భోజనశాల అమ్మ ఉణవగంలో ఇడ్లీ రూపాయి, సాంబారన్నం 5, పెరుగన్నం 3 రూపాయలకు దొరుకుతాయి కూడా. దొరకనివి: చాప, దుప్పటి, వేడినీళ్ళకు ఫ్లాస్కు, బకెట్టు, సంచికి చిన్న తాళం, ఫోన్ చార్జ్ చేసుకునే చోటు. తాళం సంగతి నవ్వులాట కాదు. నిద్రపోయినప్పుడు పోయేవి రిపోర్టులున్న సంచులే.

రక్తం ఇంకో అవసరం. 18 నుంచి 65 ఏళ్ళ మధ్య, 45 కిలోలకు తగ్గకుండా, హిమోగ్లోబిన్ 12.5 ఉన్నవాళ్ళు ఇవ్వచ్చు. మగవాళ్ళు 90 రోజులకోసారి, ఆడవాళ్ళు 120 రోజులకోసారి. మీ సంఘం యవ్వనస్థుల రక్తం గ్రూపులు, చివరిసారి ఇచ్చిన తేదీ ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి.

ఆంధ్ర ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, చెన్నైలో కొన్ని ఆసుపత్రుల్లో కొన్ని చికిత్సలకే చెల్లుతుంది. చేర్చకముందే కార్డు చూపించి అడగాలి, ముందస్తు ఆమోదం రావాలి. డబ్బు కట్టి చేరాక కార్డు తీస్తే ఏడవడమే మిగులుతుంది.

వాట్సాప్‌లో "ఆపరేషన్‌కు సాయం చేయండి" అని వచ్చేవాటికి ఆసుపత్రి పేరు, ఐపీ (ఆసుపత్రిలో చేరిన రోగి) నంబరు, ఖర్చు అంచనా పత్రం తేదీ చూడండి. ఆసుపత్రి ల్యాండ్‌లైనుకు ఫోన్ చేసి ఆ నంబరు రోగి ఉన్నారా అని అడగండి. ఉంటే కౌంటరులో రోగి పేరిటే కట్టి రసీదు తీసుకోండి. బాగై ఇంటికి పోయిన పిల్లవాడి పేరు మీద ఏళ్ళ తర్వాత కూడా అదే మెసేజి తిరుగుతుంటుంది.

ఇంట్లో పాత బట్టలు పేరుకున్నాయి. వరదలొస్తే పంపుదామని మూట కట్టి ఉంచాను. – వేళచ్చేరి

2015 డిసెంబరు వరదలు, 2023 డిసెంబరు మిచాంగ్ తుపాను మీ పేటవాళ్ళు చూసినవే కదండీ. అలాంటప్పుడు ముందు అడిగేవి కొత్త లోదుస్తులు, చాపలు, దుప్పట్లు, తాగునీళ్ళు, బ్లీచింగ్ పౌడరు, కొవ్వొత్తులు. పాత బట్టల మూటలు వేరుచేసే మనిషి దొరక్క వాననీళ్ళలో నాని ముక్కిపోతాయి. ఇప్పుడే మూట విప్పండి. ఉతికి, గుండీలు కుట్టి, ఇస్త్రీ చేసి, సైజు రాసి కట్టినవి మాత్రమే ఇవ్వదగ్గవి. పిల్లల స్కూలు యూనిఫాం, స్వెట్టర్లు, నూలు చీరలు వెంటనే పోతాయి. పాత నూలు చీరలు పసిపిల్లల ఉయ్యాలకు, పొత్తిగుడ్డలకు అడిగి మరీ తీసుకుంటారు. చిరిగిన బనియన్లు వీధి చివర మెకానిక్ షాపులో ఇవ్వండి. చేతులు తుడుచుకోవడానికి వాళ్ళకు రోజూ కావాలి.